బాబ్ డిలన్, ఫిల్ ఓక్స్: వీరిలో మేటి గీతరచయిత ఎవరు? (తరచుగా అడిగే ప్రశ్నలు)

1960ల నాటి అమెరికన్ జానపద గీతోద్యమం గురించి మాట్లాడుకునే చోట ఈ ఇద్దరి పేర్లూ రాగానే ఒకే రకం సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి వాటన్నిటినీ ఒకచోట చేర్చి జవాబులు రాశాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. తీర్పు ఎటు మొగ్గుతుందో దాచే ఉద్దేశం నాకు లేదు. అయితే ఆ తీర్పు సాధారణంగా చెప్పే కారణాలతో చెప్పినది కాదు.

## వాదనలోకి దిగే ముందు

ఈ ఇద్దరూ ఎవరు? వీళ్ళను పక్కపక్కన ఎందుకు పెడతారు?

బాబ్ డిలన్ 1941లో మినసోటా రాష్ట్రంలోని డులూత్‌లో పుట్టి, 1961 జనవరిలో న్యూయార్క్ చేరాడు. ఫిల్ ఓక్స్ 1940లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో పుట్టి, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జర్నలిజం చదువును మధ్యలో వదిలేసి, 1962లో అదే ఊరు చేరాడు. 1960 అధ్యక్ష ఎన్నికల్లో కెనెడీ గెలుస్తాడని స్నేహితుడితో పందెం కాసి గెలుచుకున్న గిటారే ఓక్స్ మొదటి గిటారు. ఇద్దరూ న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్ అనే పేటలోని చిన్న చిన్న కాఫీ హోటళ్ళలో పాడారు, ఇద్దరి పాటలనూ 'బ్రాడ్‌సైడ్' అనే సైక్లోస్టైల్ పత్రిక అచ్చు వేసింది, 1963లో ఇద్దరూ న్యూపోర్ట్ జానపదోత్సవ వేదిక ఎక్కారు. పౌరహక్కులు, యుద్ధం, పేదరికం అనే అవే విషయాల మీద, దాదాపు అవే నెలల్లో, అదే శ్రోతల కోసం రాశారు. ఇంత దగ్గరగా నిలిచి ఇంత వేరుగా రాసిన జంట ఆ కాలంలో మరొకటి కనబడదు. అందుకే ఈ పోలిక ఇప్పటికీ నిలిచి ఉంది.

ఆ పేరును ఓచ్స్ అనాలా, ఓక్స్ అనాలా?

ఓక్స్ అనాలి. ఇంగ్లీషు అక్షరాలు చూసి చాలామంది తప్పుగా పలుకుతారు.

జానపదం అంటే ఎవరు కట్టారో తెలియని పాట కదా, సొంతంగా పాటలు రాసుకున్నవాళ్ళు జానపద గాయకులు ఎలా అవుతారు?

ఈ సందేహం న్యాయమైనదే, ఆ రోజుల్లో అమెరికాలో కూడా దీని మీద చాలా రగడ జరిగింది. 1950ల చివర మొదలైన ఆ ఉద్యమంలో జానపదం అనే మాట పాట పుట్టుకను మాత్రమే కాక పాడే పద్ధతిని కూడా సూచించింది. ఒక గిటారు, ఒక గొంతు, జనానికి ముందే పరిచయమున్న బాణీ, దాని మీద కొత్త మాటలు ఉంటే అది జానపదమే అనిపించుకుంది. వీళ్ళకు ముందు తరం గాయకులు ఉడీ గత్రీ, పీట్ సీగర్ ఈ దారి వేశారు. డిలన్ 'బ్లోయిన్ ఇన్ ద విండ్' బాణీని బానిసత్వ కాలపు నల్లజాతి పాట ఒకదాని నుంచి తీసుకున్నాడు. 'ఎ హార్డ్ రెయిన్స్ ఎ-గానా ఫాల్' పాటలోని తల్లీకొడుకుల ప్రశ్నోత్తరాల నడక 'లార్డ్ రాండల్' అనే పాత బాలడ్ (కథాగీతం) నుంచి వచ్చింది. మన దగ్గర 1940ల్లో ప్రజానాట్యమండలి బుర్రకథను రాజకీయ వేదిక మీదకు తెచ్చినప్పుడు, 1970ల్లో జననాట్యమండలి పల్లె బాణీలకు కొత్త మాటలు కట్టినప్పుడు జరిగినది కూడా ఇదే. ఓక్స్ తన బాణీలను ఎక్కువగా తానే కట్టుకున్నాడు. ఆ లెక్కన చూస్తే ఇద్దరిలో పాత సంప్రదాయానికి ఎక్కువ రుణపడినవాడు డిలనే.

డిలన్‌కు నోబెల్ వచ్చింది. ఇంకా వాదన దేనికి?

2016లో సాహిత్య నోబెల్ ప్రకటించినప్పుడు స్వీడిష్ అకాడమీ, అమెరికన్ పాటల సంప్రదాయంలో కొత్త కవితాభివ్యక్తిని సృష్టించినందుకు డిలన్‌కు ఆ బహుమతి ఇస్తున్నట్లు చెప్పింది. ఆ మాటలో మరొకరితో పోలిక లేదు. పైగా నోబెల్ మరణించినవారికి ఇవ్వరు, ఓక్స్ అప్పటికి 40 ఏళ్ళ క్రితమే చనిపోయాడు. బహుమతి పేరు చెప్పి వాదన ముగించడమంటే పాట వినకుండానే లేచిపోవడమే. డిలన్ పక్షాన మాట్లాడటానికి బహుమతికంటే ఎన్నో మంచి కారణాలు ఆయన పాటల్లోనే ఉన్నాయి.

పాటను కాగితం మీద చదివి తీర్పు చెప్పవచ్చా?

చెప్పవచ్చు, కానీ ఆ తీర్పు సగమే అవుతుంది. 2017లో ఇచ్చిన నోబెల్ ప్రసంగంలో డిలన్ స్వయంగా పాటలు పాడటానికే తప్ప చదవటానికి రాసినవి కావన్నాడు. కాగితం మీద చదువుగా మారినప్పుడు ఓక్స్‌కు కొంత లాభం, డిలన్‌కు కొంత నష్టం జరుగుతాయి, ఎందుకంటే ఓక్స్ వాక్యం పూర్తి వాక్యం, వ్యాకరణం చెడదు, అర్థం పంక్తి చివర తేలిపోతుంది. డిలన్ పంక్తుల్లో చాలా భాగం గొంతు ఎక్కడ ఆగుతుందో, ఏ మాటను సాగదీస్తుందో దాన్ని బట్టి నిలుస్తాయి. 1968లో షికాగోలో జరిగిన యుద్ధ వ్యతిరేక ప్రదర్శనల నాయకులపై పెట్టిన షికాగో కుట్ర కేసు విచారణలో, 1969లో, సాక్షిగా వచ్చిన ఓక్స్‌ను న్యాయమూర్తి పాడనివ్వలేదు, అప్పుడు ఆయన 'ఐ ఏంట్ మార్చింగ్ ఎనీమోర్' పాటను మాటలుగానే చదివి వినిపించాడు. బాణీ లేకుండా కోర్టు గదిలో నిలిచి చదివినా ఆ పాటకు అర్థం ఎక్కడా తగ్గలేదు. అది ఓక్స్ రచనాబలం.

## ఒకే సంఘటన, రెండు పాటలు

ఇద్దరూ ఒకే సంఘటన మీద రాసిన పాటలు ఉన్నాయా? ఉంటే పోల్చడం తేలిక కదా?

ఉన్నాయి, ఈ వాదనకు అంతకంటే మంచి ఆధారం లేదు. 1963 జూన్ 12న, అర్ధరాత్రి దాటాక, మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్‌లో పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను ఆయన ఇంటి ముందే, చాటున దాక్కున్న మనిషి తుపాకితో కాల్చి చంపాడు. ఓక్స్, బాబ్ గిబ్సన్‌తో కలిసి 'టూ మెనీ మార్టర్స్' రాశాడు. డిలన్ 'ఓన్లీ ఎ పాన్ ఇన్ దెయిర్ గేమ్' రాసి, జూలైలోనే మిసిసిపీలోని గ్రీన్‌వుడ్‌లో వోటర్ల నమోదు సభలోనూ, ఆగస్టు 28న వాషింగ్టన్ మహాప్రదర్శనలోనూ పాడాడు.

ఓక్స్ పాట ఎవర్స్ జీవితం వెంట నడుస్తుంది. చిన్నతనంలో తమవాణ్ణి ఉరితీసి చంపడం చూసిన కుర్రవాడితో మొదలై, అతను పెరిగి పోరాటంలోకి దిగడం, చాటు నుంచి వచ్చిన గుండు, సమాధి దగ్గర దుఃఖం వరుసగా వస్తాయి. పల్లవి ఇక అమరులు చాలు, వట్టి మాటలు చాలు అని వగస్తుంది. పాట వింటున్నంతసేపూ మనం ఎవర్స్ పక్షాన నిలబడే ఉంటాం, మనం ఎక్కడ నిలబడాలో పాట మొదటి చరణంలోనే చెప్పేసింది.

డిలన్ పాట పొద వెనక నుంచి వచ్చిన తూటాతో మొదలవుతుంది. ఎవర్స్ పేరు మొదటి చరణంలో వచ్చి, తర్వాత మూడు చరణాలపాటు కనబడదు. ఆ మూడు చరణాలూ హంతకుడి వెనక ఉన్న రాజకీయ నాయకుడివి, జీతం పుచ్చుకునే అధికారులవి, నీ చర్మం తెల్లగా ఉంది కాబట్టి నీ బతుకు మెరుగు అని నేర్పించిన పేద తెల్లవాడివి. హంతకుడికి పాటలో పేరు లేదు. చివరి చరణంలో ఎవర్స్‌ను రాజుకు తగ్గ మర్యాదతో సమాధి చేస్తారు, హంతకుడు ఎప్పుడో పోయినప్పుడు అతని రాతి పలకపై, వాళ్ళ ఆటలో పావు మాత్రమే అన్న మాటే మిగులుతుంది. ఒక హత్య జరిగి నెల తిరగకముందే, ఆ రాష్ట్రంలోనే, నల్లజాతి రైతుల ముందు నిలబడి హంతకుణ్ణి తప్పుపట్టడం చాలదని పాడటానికి ఎంత తెగువ కావాలో ఊహించండి.

ఈ పాట మీద ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఆ హత్యకు 1994లో శిక్ష పడిన బైరన్ డి లా బెక్‌విత్ ఎరువుల అమ్మకపు పని చేసినవాడు, వర్ణవివక్షను బతుకు లక్ష్యంగా పెట్టుకున్నవాడు. ఏమీ తెలియని పావు అనడానికి అతను సరిపోడు. ఈ వ్యక్తి విషయంలో డిలన్ సిద్ధాంతం అతకలేదని ఒప్పుకోవాలి. అయినా గీతరచనగా డిలన్ పాటే పైన నిలుస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే అది శ్రోతకు తెలిసిన దుఃఖాన్ని మళ్ళీ చెప్పి ఊరుకోకుండా, శ్రోత అడగని ప్రశ్నను అడిగింది.

యుద్ధ వ్యతిరేక పాటల్లో ఎవరిది పైచేయి?

ఇక్కడ నేను ఓక్స్ వైపు మొగ్గుతాను. డిలన్ 'విత్ గాడ్ ఆన్ అవర్ సైడ్' (1964), ఓక్స్ 'ఐ ఏంట్ మార్చింగ్ ఎనీమోర్' (1965) రెండూ అమెరికా చేసిన యుద్ధాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటూ పోయే పాటలే. డిలన్ పాటలో మాట్లాడేవాడు మిడ్‌వెస్ట్‌లో పెరిగిన, పాఠ్యపుస్తకంలో చరిత్ర చదువుకున్న కుర్రవాడు. ప్రతి యుద్ధంలోనూ దేవుడు మన పక్షమే అని నేర్పిన పాఠాన్ని తలవంచుకుని అప్పజెబుతున్నట్లే పాడి, చివర దేవుడు నిజంగా మన పక్షాన ఉంటే తర్వాతి యుద్ధాన్ని ఆపుతాడని ముగిస్తాడు. దాని బాణీ డొమినిక్ బీహన్ ఐరిష్ పాట 'ది పేట్రియట్ గేమ్' నుంచి వచ్చింది, బీహన్ దానికి చాలా నొచ్చుకున్నాడు.

ఓక్స్ పాటలో మాట్లాడేది చావు లేని ఒక సైనికుడు. 1815 నాటి న్యూ ఆర్లియన్స్ పోరులో అతనే ఉన్నాడు, ఆదివాసులను చంపింది అతనే, మెక్సికో నుంచి కాలిఫోర్నియా లాక్కున్నది అతనే, అంతర్యుద్ధంలో సొంత అన్నదమ్ములను చంపుకున్నది, జపాను ఆకాశంలో చివరి విమానం నడిపింది కూడా అతనే. తాను చేసిన హత్యలన్నిటినీ ఒప్పుకుంటూ వచ్చిన మనిషి నోటి నుంచి ఇక నేను కవాతు చేయను అన్న మాట వచ్చినప్పుడు దానికి ఉన్న బరువు, పుస్తకం చదివిన కుర్రవాడి ప్రశ్నకు రాదు. ఓక్స్ ఇక్కడ శాంతివాదిగా బయట నిలబడి మాట్లాడలేదు, దోషి నోటితో మాట్లాడాడు. ఆ ఎంపికే పాటను నిలబెట్టింది.

వార్తను పాటగా మలచడంలో ఓక్సే మేటి అంటారు, నిజమేనా?

సంఖ్యలో నిజమే, స్థాయిలో నిజం కాదు. ఓక్స్ తొలి ఆల్బమ్ (1964) పేరే న్యూయార్క్ టైమ్స్ నినాదానికి మార్పు, అచ్చుకు తగిన వార్తలన్నీ అన్న చోట పాటకు తగిన వార్తలన్నీ అని పెట్టాడు. అందులో 'ది బాలడ్ ఆఫ్ విలియమ్ వర్దీ' అనే చక్కటి పాట ఉంది. పాస్‌పోర్ట్ లేకుండా క్యూబా వెళ్ళివచ్చినందుకు వర్దీ అనే పాత్రికేయుడిని అమెరికా ప్రభుత్వం కోర్టుకు ఈడ్చింది. మనది స్వేచ్ఛా దేశం, అందుకే నిన్ను వెళ్ళనివ్వం అని ఆ పాట ప్రభుత్వాన్ని దాని మాటలతోనే నిలదీస్తుంది. అంత చురుకైన పాట వినడానికి ఈనాటి శ్రోత ముందు వర్దీ ఎవరో తెలుసుకోవాల్సి వస్తున్నది.

డిలన్ 'ది లోన్‌సమ్ డెత్ ఆఫ్ హాటీ క్యారల్' విషయం వేరు. 1963 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌లోని ఒక హోటల్లో జరిగిన విందులో, పొగాకు తోటల సంపన్న కుటుంబానికి చెందిన 24 ఏళ్ళ యువకుడు 51 ఏళ్ళ హాటీ క్యారల్ అనే పనిమనిషిని చేతికర్రతో కొట్టాడు, ఆమె కొద్ది గంటల్లో చనిపోయింది. ఆగస్టులో అతనికి ఆరు నెలల శిక్ష పడింది. పాట హత్య చెబుతుంది, తర్వాత అతని హోదా చెబుతుంది, తర్వాత ఆమె చాకిరీ చెబుతుంది. ప్రతిసారీ చరణం చివర, ఇంకా ఏడవకండి, ఇది ఏడ్చే సమయం కాదు అంటుంది. చివరి చరణంలో న్యాయమూర్తి గంభీరంగా బల్ల మీద కొట్టి ఆరు నెలలు అన్నాకనే, ఇప్పుడు ఏడవండి అంటుంది. పాట మొత్తంలో ఆమె నల్లజాతి మనిషి అని ఒక్కచోట కూడా చెప్పలేదు, చెప్పవలసిన అవసరమే రాలేదు. ఆమె పనిచేసిన బల్ల అన్న మాట మూడు పంక్తుల చివర వరుసగా, ప్రాస మార్చకుండా వస్తుంది, ఆ విసుగే ఆమె దినచర్యగా చెవికి తగులుతుంది. హాటీ క్యారల్ ఎవరో తెలియనివారికీ ఈ పాట తానే అంతా చెప్పుకుంటుంది. వార్తాగీతం ఇంతకంటే ఎత్తుకు వెళ్ళిన సందర్భం నాకు తెలిసి లేదు.

ఎత్తిపొడుపు ఎవరి కలంలో ఎక్కువ పదును?

నిస్సందేహంగా ఓక్స్ కలంలో. 1966 నాటి 'లవ్ మీ, ఐయామ్ ఎ లిబరల్' పాటలో మాట్లాడేవాడు ఉదారవాది. కెనెడీ చనిపోయినప్పుడు ఏడ్చాడు, ఎవర్స్ చనిపోయినప్పుడూ ఏడ్చాడు, కానీ హత్యకు గురైన నల్లజాతి తీవ్రవాద నాయకుడు మాల్కమ్ ఎక్స్‌కు తగిన శాస్తే జరిగిందంటాడు. నల్లజాతివాళ్ళంటే ప్రేమేనంటాడు, తన పక్కింటికి మాత్రం వాళ్ళు రాకూడదు. ఆ పాటను డబ్బిచ్చి విన్నవాళ్ళలో ఎక్కువమంది అలాంటివాళ్ళే, తన శ్రోతలనే బోనెక్కించిన ధైర్యం అది. 'అవుట్‌సైడ్ ఆఫ్ ఎ స్మాల్ సర్కిల్ ఆఫ్ ఫ్రెండ్స్' (1967) కూడా అదే కోవలోది. 1964లో న్యూయార్క్‌లో కిటీ జెనవీస్ అనే యువతి హత్యను ఇరుగుపొరుగు పట్టించుకోలేదన్న వార్త దానికి ప్రేరణ. హుషారైన పియానో మీద, పక్కవాళ్ళ ఘోరాలను చూస్తూ కూడా కదలని మనుషుల సాకులు ఒక్కొక్కటే వస్తాయి. డిలన్‌కు కోపం బాగా తెలుసు, ఎగతాళి కూడా తెలుసు, కానీ ఎదుటివాడి మాటల్లోనే ఎదుటివాణ్ణి ఇంత పద్ధతిగా పట్టించడం ఆయన అరుదుగా చేశాడు.

## 1965 తర్వాత

డిలన్ ఉద్యమాన్ని వదిలేశాడు, ఓక్స్ నిలబడ్డాడు. అప్పుడు ఓక్సే గొప్ప కదా?

మనిషిగా ఎవరిని గౌరవించాలన్న ప్రశ్నకు ఇది జవాబు కావచ్చు, గీతరచయితగా ఎవరు మేటి అన్న ప్రశ్నకు కాదు. డిలన్ 1964 ఆగస్టులో వచ్చిన ఆల్బమ్‌లోని 'మై బ్యాక్ పేజెస్' పాటతో తన పాత ఉపదేశధోరణిని తానే పక్కన పెట్టాడు. 1965 జూలై 25న న్యూపోర్ట్‌లో ఎలక్ట్రిక్ గిటారుతో వేదిక ఎక్కినప్పుడు సభలో గోల పుట్టింది. అప్పుడు డిలన్‌ను బహిరంగంగా సమర్థించినవారిలో ఓక్స్ ఒకడు. ఓక్స్ అభిమానులు ఈ సంగతి తరచూ మర్చిపోతారు. ఓక్స్ 1968లో షికాగో వీధుల్లోనూ, 1974లో చిలీ నియంతృత్వ బాధితుల కోసం న్యూయార్క్‌లో తాను ఏర్పాటు చేసిన కచేరీలోనూ నిలబడిన తీరు నిజంగా నమస్కరించదగినది. ఆ నమస్కారాన్ని ప్రాస మీదకో పదచిత్రం మీదకో మళ్ళించి మార్కులు వేస్తే మాత్రం ఓక్స్ పాటలకే అన్యాయం జరుగుతుంది, వాటిని పాటలుగా ఎవరూ వినరు.

నువ్వు జానపద గాయకుడివి కావు, విలేఖరివి అని డిలన్ ఓక్స్‌ను నిజంగా అన్నాడా?

జీవితచరిత్రల్లో స్థిరపడిన ఉదంతం ఇది. డిలన్ కొత్త పాట ఒకటి వినిపించినప్పుడు ఓక్స్ అది గొప్పగా లేదని చెప్పాడని, డిలన్ ఆ మాట అని కారు ఆపించి అతన్ని దించేశాడని చెబుతారు. కోపంలో అన్న మాటను సాహిత్య విమర్శగా తీసుకోకూడదు. ఆ ఇద్దరి సంబంధం అక్కడ తెగిపోనూ లేదు, 1974 నాటి చిలీ కచేరీకి ఓక్స్ కోరగా డిలన్ వచ్చి పాడాడు.

డిలన్ పాటలు సగం అర్థం కావు. అర్థం కాకపోవడమే గొప్పతనమా?

కాదు. 1965, 66 నాటి డిలన్ పాటల్లో పదచిత్రాలను గుట్టగా పోసి వదిలేసినవి కొన్ని ఉన్నాయి, వాటిని లోతు అని మెచ్చుకోవలసిన పని లేదు. మంచి పాటల్లో ఆ గందరగోళానికి ఒక క్రమం ఉంటుంది. 'టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ' (1975) ఉదాహరణగా చూడండి. విడిపోయిన ఒక జంట కథ అది, కానీ కాలం వరుసగా నడవదు, ఒక చరణంలో కలుసుకున్న స్త్రీ మునుపటి స్త్రీయేనా అన్నది తేలదు. తర్వాతి సంవత్సరాల్లో కచేరీల్లో డిలన్ ఆ పాటలోని నేనును అతనుగా మార్చి, చరణాలను తిరగరాసి పాడాడు, అయినా పాట చెదరలేదు. జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో పాట నిర్మాణమే అలా పనిచేస్తుంది కాబట్టి, అర్థమైన మేరకు విన్నా మనసుకు తగలవలసిన చోట తగులుతుంది. 'హార్డ్ రెయిన్' పాటను క్యూబా క్షిపణి సంక్షోభం మీద రాశాడని చాలామంది అనుకుంటారు, నిజానికి ఆ సంక్షోభానికి కొన్ని వారాల ముందే, 1962 సెప్టెంబరులో, కార్నెగీ హాల్లో ఆ పాట పాడాడు. ఒక భయానికి కట్టివేయని పాట కాబట్టే వచ్చిన ప్రతి భయానికీ అది సరిపోయింది.

ఓక్స్ వార్తల నుంచి ఎప్పటికీ బయటికి రాలేదా?

వచ్చాడు, ఈ సంగతి తెలియకపోవడం వల్లే వాదన చాలాసార్లు తొందరగా ముగిసిపోతోంది. 1965 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం డొమినికన్ రిపబ్లిక్‌లో దిగినప్పుడు ఓక్స్ ఒక పాట రాశాడు. విషయం పూర్తిగా వార్తే. కానీ పాట సైనికులతో మొదలు కాదు. కాలుతున్న ఇసుక మీద పీతలు బెదిరి అటూ ఇటూ పరుగెత్తుతుంటాయి, చేపలు దారి మార్చుకుని చెల్లాచెదురవుతాయి, చల్లటి ఫిరంగి మీద సముద్రపక్షులు వాలతాయి. నౌక వచ్చిందన్న సంగతి మనుషులకంటే ముందు ఒడ్డుకు తెలిసింది. ప్రతి పొడవాటి పంక్తి నడుమ లోపలి ప్రాస ఒకటి అలలాగా తగిలి వెళ్తుంది. ఏ దేశం మీద ఏ సైన్యం దిగినా ఈ చరణం పనికొస్తుంది.

'చేంజెస్' అనే ప్రేమగీతంలో రాజకీయం అసలు లేదు, విడిపోతున్న మనిషిని చివరిసారి పక్కన కూర్చోమని అడగడమే ఉంది. 'దేర్ బట్ ఫర్ ఫార్చ్యూన్' మొదటి మూడు చరణాల్లో జైలు, దేశదిమ్మరి, తాగుబోతు వస్తారు, ప్రతి చరణంలోనూ ఒక యువకుడి దుస్థితిని చూపించి, అదృష్టం కొద్దీ నువ్వో నేనో అక్కడ లేము అంటాడు. నాలుగో చరణంలో ఆ యువకుడి స్థానంలో బాంబులు పడిన ఒక దేశం వచ్చి నిలుచుంటుంది. దాన్ని జానపద గాయని జోన్ బయెజ్ పాడగా 1965లో బ్రిటన్‌లో తొలి పది పాటల్లో చోటు దొరికింది. ఇక 'క్రూసిఫిక్షన్' (1967) కెనెడీ హత్యను, వీరులను పెంచి తామే బలి తీసుకుని మళ్ళీ వారి కోసం ఏడ్చే సమాజపు కథగా మార్చింది. డిలన్ రాసిన ఏ పాట పక్కనైనా దాన్ని తలెత్తుకుని నిలబెట్టవచ్చు.

డిలన్ నాసిరకం పాటలు రాయలేదా?

రాశాడు, వాటిని లెక్కలోకి తీసుకోకుండా వాదించడం న్యాయం కాదు. 1976 నాటి 'జోయీ' ఒక మాఫియా ముఠా నాయకుణ్ణి దాదాపు సాధువుగా చిత్రించే 11 నిమిషాల పాట. అదే ఆల్బమ్‌లోని 'హరికేన్' అన్యాయంగా జైలుపాలైన బాక్సర్ రూబిన్ కార్టర్ కోసం రాసినది, ఉద్దేశం గొప్పది, నడక అద్భుతం, కానీ సాక్షుల గురించిన మాటలు న్యాయపరంగా చిక్కు తెస్తాయని పాటను మార్చి మళ్ళీ రికార్డు చేయవలసి వచ్చింది. ఆ రెండూ జాక్ లెవీతో కలిసి రాసినవే. వాస్తవాలను జాగ్రత్తగా పట్టుకునే విషయంలో జర్నలిజం చదివిన ఓక్స్ అలవాటు మెరుగైనది.

## తీర్పు

సరే, చివరికి ఎవరు మేటి?

డిలన్. అయితే కారణం ఆయన పాటలు ఎక్కువ కావడమో, పేరు పెద్దది కావడమో కాదు. పాటలో మాట్లాడేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నది గీతరచనకు పునాది అని నేను నమ్ముతాను. ఓక్స్ ఎక్కువ పాటల్లో తానే, తన సొంత స్థానంలో నిలబడి, తాను నమ్మినది సూటిగా చెబుతాడు. అది నిజాయితీ, కానీ వింటున్నవాడికి తలూపడం తప్ప పని మిగలదు. డిలన్ ఆ స్థానాన్ని పాటపాటకూ, ఒక్కోసారి చరణచరణానికీ మారుస్తాడు. హంతకుడి వైపు నుంచి, కుర్రవాడి వైపు నుంచి, ఎవరో తెలియని గొంతు నుంచి మాట్లాడి, కలిపి చూసుకునే బాధ్యత శ్రోతకు వదులుతాడు. ఓక్స్ తన స్థానం వదిలి కదిలిన పాటల్లో, అంటే చావు లేని సైనికుడిగా, కపట ఉదారవాదిగా, బెదిరిన పీతల ఒడ్డుగా మారిన పాటల్లో, ఇద్దరి మధ్యా తేడా దాదాపు లేదు. అలాంటివి ఓక్స్‌కు పది పన్నెండు ఉంటాయి. డిలన్‌కు చాలా రెట్లు ఉన్నాయి, అవీ 1962 నుంచి ఆరు దశాబ్దాలపాటు వస్తూనే ఉన్నాయి.

ఓక్స్ ఇంకా బతికి ఉంటే తీర్పు మారేదా?

1976 ఏప్రిల్‌లో, 35 ఏళ్ళ వయసులో, మానసిక వ్యాధితోనూ తాగుడుతోనూ నలిగిపోయి ఓక్స్ ప్రాణం తీసుకున్నాడు. అంతకు ముందే కొన్నేళ్ళుగా ఆయన కలం దాదాపు ఆగిపోయింది. 1969 ఆల్బమ్ అట్ట మీద తన సమాధి రాతిని తానే వేయించుకుని, షికాగోలో 1968లో మరణించినట్లు రాయించుకున్నాడు. రాయని పాటలకు మార్కులు వేయడం ఎవరికీ సాధ్యం కాదు. ఉన్న పాటలే తగినంత వాదన చేస్తున్నాయి.

ఇది మన గద్దర్, వంగపండు పోలిక లాంటిదేనా?

కొంతవరకే. గద్దర్, వంగపండు ఒకే సాంస్కృతికోద్యమంలో, ఒకే లక్ష్యం కోసం పాడారు. వారి మధ్య తేడాల్లో ఎక్కువ భాగం తెలంగాణ, ఉత్తరాంధ్ర యాసల్లోనూ బాణీల్లోనూ ఉంటుంది. డిలన్, ఓక్స్ మధ్య తేడా పాట దేనికోసం అన్న మూలప్రశ్న దగ్గరే వచ్చింది. దానికి దగ్గరగా వచ్చేది 1970లో విరసం ఏర్పడ్డాక మన పత్రికల్లో సాగిన నినాదమా, కవిత్వమా అన్న చర్చ. ఆ చర్చ తెలిసిన తెలుగు పాఠకుడికి ఓక్స్ పాటలు వెంటనే పరిచితంగా అనిపిస్తాయి.

## వినడం మొదలుపెట్టేవారికి

ఇంగ్లీషు చదివితే వస్తుంది కానీ పాడితే అర్థం కాదు. ఎవరితో మొదలుపెట్టాలి?

ఓక్స్‌తో మొదలుపెట్టండి. ఉచ్చారణ స్పష్టం, గొంతు తేట, ప్రతి మాటా వినబడుతుంది, వాక్యం పూర్తవుతుంది. మొదటిసారి మాటలు ముందు పెట్టుకుని వినండి, రెండోసారి వాటి అవసరం ఉండదు. డిలన్‌ను వినేటప్పుడు మాత్రం ముందు మాటలు చూడకుండా ఒకసారి వినండి. అర్థం కాకపోయినా గొంతు ఎక్కడ నిలిచిందో పట్టుకోండి, ఆ తర్వాత మాటలు చదివితే ఆ నిలుపులోనే సగం అర్థం ఉన్నట్లు తెలుస్తుంది.

ఇద్దరివీ ఏ పాటలు, ఏ వరుసలో వింటే పోలిక సరిగా తెలుస్తుంది?

మెడ్గర్ ఎవర్స్ మీద ఇద్దరూ రాసిన పాటలను ఒకదాని వెంట ఒకటి వినండి, ఓక్స్‌ది ముందు, డిలన్‌ది తర్వాత. మర్నాడు 'విత్ గాడ్ ఆన్ అవర్ సైడ్', 'ఐ ఏంట్ మార్చింగ్ ఎనీమోర్' వినండి. ఆపైన 'హాటీ క్యారల్' ఒక్కటే విని ఆ రోజుకు ఆగండి. ఓక్స్ కచేరీ ఆల్బమ్ (1966) మొత్తం ఒకే బిగిన వినదగినది, లిబరల్ పాట, 'చేంజెస్', డొమినికన్ పాట, 'వెన్ ఐయామ్ గాన్' అన్నీ అందులోనే ఉన్నాయి. 'క్రూసిఫిక్షన్' విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 1967 స్టూడియో రికార్డింగులో ఎలక్ట్రానిక్ శబ్దాల హోరు ఎక్కువై మాటలు మునిగిపోయాయి కాబట్టి, ఒక్క గిటారుతో పాడిన కచేరీ రికార్డింగు వెతికి పట్టుకుని వినండి.